బ్రైటన్ తీరం గురించి రాస్తున్న ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రైటన్ మీద నువ్వు పంపిన యాత్రావ్యాసం శ్రద్ధగా చదివాను. చదువు కోసం ఇంగ్లండు వెళ్లి, సెలవు దొరికినప్పుడల్లా లండన్ నుంచి గంటసేపు రైల్లో ప్రయాణించి ఆ తీరానికి వెళుతున్నానని రాశావు. ఊరిమీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ తెలుస్తూనే ఉంది. రాయల్ పెవిలియన్ అనే రాజభవనం, సముద్రంలోకి సాగే ప్యాలెస్ పియర్, అక్వేరియం, లేన్స్ అనే ఇరుకు సందుల్లోని నగల దుకాణాలు, అన్నిటినీ వరసగా చూపించావు. అయినా వ్యాసం ముగిసేసరికి పాఠకుడి చేతికి చూడవలసిన వాటి జాబితా ఒకటి అందుతుందే తప్ప ఊరు పట్టుబడదు. విహారస్థలం గురించి రాసేటప్పుడు ప్రతి కట్టడం ముందూ నిలబడి, దీన్ని ఎవరు కట్టారు, ఎవరిని రప్పించడానికి కట్టారు అని అడగాలి. బ్రైటన్‌లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పని చోటంటూ లేదు.

ముందు సముద్రం దగ్గరే మొదలుపెట్టు. బ్రైట్‌హెల్మ్‌స్టన్ అని పిలిచే ఆ బెస్తల పల్లె విహారపట్టణం కావడానికి కారణం ఒక వైద్యుడు. లూయిస్ పట్టణానికి చెందిన డాక్టర్ రిచర్డ్ రస్సెల్ ఉప్పునీరు అనేక వ్యాధులకు మందని 1750లో లాటిన్‌లో ఒక పుస్తకం ప్రచురించాడు. రోగులను సముద్రంలో ముంచడమే కాక ఆ నీళ్లు తాగించేవాడు కూడా. 1783లో యువరాజు, అంటే తరువాతి నాలుగవ జార్జ్, మొదటిసారి అక్కడికి వచ్చాడు. ఆయన వెంట కులీనులు వచ్చారు. 1841లో లండన్ నుంచి రైలు పడ్డాక సామాన్యులు కూడా పొద్దున బయలుదేరి, సముద్రం చూసుకుని, రాత్రికి ఇల్లు చేరుకోగలిగారు. ఈ క్రమం పాఠకుడికి ముందే తెలిస్తే, తరువాత నువ్వు చూపించే ప్రతిదీ దానంతటదే తన చోట కుదురుకుంటుంది.

తీరాన్ని నువ్వు ‘అందమైన బీచ్’ అన్న రెండు మాటలతో దాటేశావు. తీరం అనగానే మన పాఠకుడు విశాఖ ఆర్కే బీచ్‌నో, బాపట్ల దగ్గరి సూర్యలంకనో తలచుకుని కాలి కింద ఇసుక ఊహించుకుంటాడు. అక్కడ ఒడ్డంతా గులకరాళ్లు. అడుగు వేస్తే మడమ కిందనుంచి రాళ్లు జారిపోతాయి, చెప్పులు విడిచి పది అడుగులు నడవడం కష్టం. అల వెనక్కి వెళ్లేటప్పుడు వేల రాళ్లను తనతో ఈడ్చుకుపోతూ చేసే గరగర శబ్దం ఒడ్డున ఎంత దూరం నడిచినా వినిపిస్తూనే ఉంటుంది. అద్దె కుర్చీల వాడుక, సముద్రంపై చెక్కబాటల మీద షికారు ఆ ఊరికి ఎందుకంత నచ్చాయో ఆ రాళ్లమీద నడిచినవారికి సులువుగా అర్థమవుతుంది.

ఆ చెక్కబాటలే పియర్లు. 1899లో తెరచిన ప్యాలెస్ పియర్ ఇనుప స్తంభాల మీద 1,722 అడుగుల దూరం నీళ్లలోకి సాగుతుంది; దాని మీద ఆటయంత్రాలు, రంగులరాట్నాలు, వేయించిన చేపల వాసన. దాన్ని వర్ణించావు, బాగుంది. కానీ పడమటి వైపు నీళ్లలో నిలబడి ఉన్న తుప్పుపట్టిన అస్థిపంజరాన్ని పూర్తిగా వదిలేశావు. యుజీనియస్ బర్చ్ అనే ఇంజనీరు రూపొందించిన వెస్ట్ పియర్ అది. 1866లో ప్రారంభమై, 1975లో మూతపడి, 2003లో అగ్నికి ఆహుతయింది. 1872లో తెరచి, నేటికీ నడుస్తున్న అక్వేరియం కూడా ఆ బర్చ్ రూపొందించినదే. ఒకే మనిషి చేతి పనుల్లో ఒకటి ప్రాణంతోనూ మరొకటి శిథిలంగానూ కొద్ది దూరంలో కనబడుతుంటే, రెండింటినీ కలిపి రాయకుండా ఎలా ఉండగలం?

మాగ్నస్ వోల్క్ అనే ఇంజనీరు గురించి కూడా ఇంకొంచెం రాయి. 1883లో ఆయన ఒడ్డు వెంబడి వేసిన చిన్న ఎలక్ట్రిక్ రైలు నేటికీ వేసవిలో తిరుగుతోంది. ఇప్పటికీ నడుస్తున్న విద్యుత్ రైళ్లలో ప్రపంచంలోకెల్లా పాతది అదే. అంతటితో ఆగక, 1896లో ఆయన పొడవాటి ఇనుప కాళ్లమీద నిలబడి సముద్రపు నీళ్లలోనే నడిచే బండిని రాటింగ్‌డీన్ అనే పక్క ఊరి దాకా నడిపాడు. ప్రారంభించిన కొద్దిరోజులకే తుపాను దాన్ని పడగొడితే మళ్లీ కట్టాడు; 1901లో అది ఆగిపోయింది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ దాని పట్టాల కింది దిమ్మెలు ఇప్పటికీ బయటపడతాయి. మొండి నమ్మకంతో పనిచేసిన మనిషి ఆయన, నాకు చాలా ఇష్టుడు.

ఇక రాయల్ పెవిలియన్. ‘మన తాజ్‌మహల్‌ను తలపిస్తుంది’ అని రాసి పొంగిపోయావు. ఇందాక చెప్పిన యువరాజు జార్జ్ కోసం ఆ గుమ్మటాలను 1815 నుంచి నిర్మించిన వాస్తుశిల్పి జాన్ నాష్ మన దేశం ఎన్నడూ చూడలేదు. చిత్రకారులు అచ్చువేసిన బొమ్మలు చూసి గీసుకున్నాడు. బయట భారతీయ గుమ్మటాలు, లోపల చైనా అలంకరణ. భోజనశాలలో తల ఎత్తి చూడు: గుమ్మటం నిండా పరచుకున్న అరటి ఆకులు, వాటి కింద వెండి డ్రాగన్, దాని గోళ్లకు వేలాడే పెద్ద దీపాలగుత్తి. అరటి ఆకులో అన్నం తిన్న పిల్లవి నువ్వు, ఆ ఆకులను చూసి కూడా ఒక్క వాక్యం రాయకపోవడం నాకు బాధ కలిగించింది. విక్టోరియా రాణికి ఆ భవనం నచ్చలేదు. 1850లో అది పట్టణం చేతికి వచ్చింది.

మన దేశపు సంబంధం అసలు ఎక్కడుందో వెతుకు. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ బ్రైటన్‌లో ఆవిరి స్నానాలశాల నడిపి, ఇద్దరు రాజులకు మర్దన వైద్యుడయ్యాడు. 1851లో మరణించిన ఆయన సమాధి అక్కడి సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఉంది. 1914 డిసెంబరులో పెవిలియన్‌ను ఫ్రాన్స్ యుద్ధరంగంలో గాయపడిన భారత సైనికుల ఆసుపత్రిగా మార్చారు. మతాచారాలను బట్టి వంటశాలలు వేరు, మంచినీళ్ల కుళాయిలు వేరు. మరణించినవారిలో ముస్లిములను వోకింగ్ మసీదు దగ్గర ఖననం చేశారు. యాభై ముగ్గురు హిందూ, సిక్కు సైనికులను బ్రైటన్ శివారు పచామ్ ఊరి పైనున్న కొండగడ్డి నేలల్లో దహనం చేసి, చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు. ఆ చోట 1921లో ఛత్రీ అనే తెల్లని పాలరాతి స్మారకమండపాన్ని ఆవిష్కరించారు. దాని ముందు, చితులు పేర్చిన అరుగుల మీద, మూడు రాతిపలకలు పరచి ఉన్నాయి. అక్కడికి బస్సు పోదు. గొర్రెలు మేసే పొలాల మీదుగా కొండెక్కి నడవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెబుతాను. ఆ సైనికులు ప్రధానంగా పంజాబ్, గఢ్వాల్, నేపాల్ ప్రాంతాలవారు. మన పాఠకుల మెప్పు కోసం వారి మధ్య ఒక తెలుగు సిపాయిని కల్పించి నిలబెట్టకు. వాళ్లు వాళ్లుగానే ఉంటే చాలు, మన పాఠకుడు చదువుతాడు.

టిక్కెట్ల ధరలు, వేళలు వ్యాసంలో పెట్టకు, అవి మారిపోతుంటాయి. ఫిష్ అండ్ చిప్స్ గురించి ఒక్క వాక్యం చాలు. అక్షరాలు ఒక కొసనుంచి మరో కొసదాకా కనబడే రాక్ మిఠాయి మీద నువ్వు రాసిన పేరా మాత్రం యథాతథంగా ఉంచు, అది నీ వ్యాసంలో అన్నిటికన్నా మంచి పేరా. వేసవి రద్దీలో చూసింది చాలు. చలికాలంలో ఒక సాయంత్రం వెళ్లు, చీకటి పడేముందు గోరింకల జాతి పక్షులు గుంపులు గుంపులుగా పియర్ చుట్టూ తిరిగి దాని కింద వాలుతాయి. మరునాడు పొద్దున్నే పచామ్ నుంచి ఛత్రీదాకా నడిచి, అక్కడ చూసింది అక్కడే నోటుపుస్తకంలో రాసుకో. రెండో ప్రతిలో ఆ నడకకు కనీసం ఒక పేజీ ఇచ్చి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి