మినిమం డ్యూ తప్పకుండా కడుతున్నా అప్పు తగ్గట్లేదు!

ప్రశ్న: నా జీతం 60,000. కారు ఈఎంఐ 13,000, పర్సనల్ లోన్ 12,000, ఫోను, ఇంటి సామాన్ల వాయిదాలు 6,000. రెండు క్రెడిట్ కార్డుల మీద 1,80,000 బాకీ ఉంది. నెలనెలా మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) 9,000 తప్పకుండా కడుతున్నాను. ఇంటి ఖర్చు 26,000. నిరుడు అమ్మ ఆపరేషన్‌కు కార్డు వాడాను, అప్పటి నుంచే ఈ ఇబ్బంది. ఒక లోన్ యాప్ వాళ్లు 2 లక్షలు ఇస్తామంటున్నారు. కార్డులు తీర్చేసి, మిగిలిన 20,000 ట్రేడింగ్‌లో పెట్టి వాయిదాలకు సర్దుకోవచ్చా? నా భార్యకు ఇంకా చెప్పలేదు.

జవాబు: వద్దు. అప్పు తెచ్చి ట్రేడింగ్ చేసి, ఆ లాభంతో అప్పు తీరుస్తానన్న ఆలోచనకు నా దగ్గర ఇంతకన్నా పెద్ద జవాబు లేదు.

మీరు రాసిన అంకెలే ఒకసారి కూడండి. వాయిదాలు 31,000, కార్డులకు 9,000, ఇంటికి 26,000. మొత్తం 66,000. చేతికొచ్చేది 60,000. ఆ తక్కువ పడ్డ 6,000 ఎక్కడిదో మీరు రాయలేదు గానీ, మళ్లీ కార్డు గీకుతున్నారని తెలుస్తూనే ఉంది. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే వడ్డీయే 6,300. మీరు కట్టే 9,000లో అసలుకు పోయేది 2,700 మాత్రమే. ఇటు అంత తగ్గించి, అటు 6,000 గీకుతున్నారు. అంటే ఒక్క నెలా ఎగ్గొట్టకుండానే నెలకు 3,300 చొప్పున అప్పు పెంచుకుంటున్నారు! పైగా పాత బాకీ ఉండగా వాడిన ప్రతి రూపాయికీ సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది.

'కట్టగలుగుతున్నాను కదా, అప్పు మితిమీరలేదు' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాయడానికి కారణమూ అదే. పాత అప్పుకు కొత్త అప్పు వెతుకుతున్నారు, ఇంట్లో దాస్తున్నారు. కారు మీద, పర్సనల్ లోన్ మీద ఇంకా ఎంత అసలు మిగిలిందో రాయనే లేదు, బహుశా చూసుకోలేదు. అప్పు మితిమీరిందనడానికి ఇంకేం కావాలి?

అసలు జబ్బు కార్డులది కాదు. ఆపరేషన్ నాటికి మీ దగ్గర అత్యవసర నిధి లేదు, అమ్మగారికి ఆరోగ్య బీమా ఉన్నట్టూ లేదు. ఇప్పటికీ లేవు. కాబట్టి రేపు మీకు ఎవరైనా అప్పంతా మాఫీ చేసినా, తర్వాతి ఆసుపత్రి బిల్లుతో మళ్లీ ఇక్కడికే వస్తారు. కార్డు లిమిట్‌ను అత్యవసర నిధి అనుకోకండి. సరిగ్గా అవసరమైన రోజునే బ్యాంకు దాన్ని కోసేయొచ్చు.

అందుకే ముందు కారు అమ్మండి. 13,000 మిగులుతుంది. రాకపోకలకు 3,000 వేసుకున్నా, లోటు 6,000 పూడి నెలకు 4,000 చేతిలో ఉంటుంది. ఆ 4,000 కార్డుకు కట్టకండి. ఒక నెల ఇంటి ఖర్చు, అంటే 26,000 అయ్యేదాకా విడి ఖాతాలో వేయండి. ఆరేడు నెలలు పడుతుంది. 'కార్డుకు అంత వడ్డీ కడుతూ డబ్బు ఊరికే ఉంచడమేంటి' అంటారు. లెక్క ప్రకారం మీ మాటే నిజం. కానీ ఆ డబ్బు లేకపోబట్టే మీరు ఏడాదిగా కార్డు గీకుతున్నారు. నిధి నిండాక ఆ 4,000ను వడ్డీ ఎక్కువున్న కార్డుకు మళ్లించండి. బాకీ తగ్గేకొద్దీ మినిమం డ్యూ కూడా తగ్గుతుంది. మీరు మాత్రం 9,000 తగ్గించకండి. రెండు కార్డులూ ఈరోజే బ్లాక్ చేయించండి. అమ్మగారి పాలసీ గురించి ఈ నెలలోనే అడగండి. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక కొంతకాలం వాటికి డబ్బు ఇవ్వరు. మీరు ఆలస్యం చేసేకొద్దీ అది ముగిసే రోజూ దూరమవుతుంది.

యాప్ మాట మరిచిపోండి. బ్యాంకులో 16 శాతానికి మూడేళ్ల లోన్ దొరికితే కార్డులు తీర్చొచ్చు, ఈఎంఐ సుమారు 6,300 పడుతుంది. అయినా కారు ఉంచుకుంటే నెలకు 3,300 లోటు అలాగే ఉంటుంది. సెటిల్‌మెంట్ (బాకీలో కొంత కట్టి మిగతాది వదిలేయమని బ్యాంకుతో ఒప్పందం) జోలికి పోకండి, క్రెడిట్ రికార్డులో ఏళ్ల తరబడి మచ్చగా ఉంటుంది. ఏ నెలైనా కట్టలేననిపిస్తే గడువు దాటకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి.

కారు బేరం పెట్టేముందు ఫోర్‌క్లోజర్ మొత్తం, అంటే కారు లోన్ ఒకేసారి తీర్చేయడానికి కట్టాల్సింది ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మకం ధర అంతకన్నా తక్కువైతే ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తారో మీ భార్యతో కూర్చుని తేల్చుకోండి. ఎలాగూ ఆవిడకు చెప్పాల్సిందే.