తెగిన వైరు ప్రశ్నకు సరైన బ్రాంచి ఏది?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న. మా నాయనమ్మకు మోకాలి చిప్ప విరిగితే రెండు కడ్డీలు పెట్టి వైరుతో కట్టిండ్రు. ఐదో నెల ఎక్స్‌రేలో వైరు తెగి కనిపించింది. ఎముక అతికింది కాబట్టి ఫికర్ లేదన్నరు. ఆ వైరును ఇంకా గట్టిగ ఎందుకు చేయరు? అట్లాంటి పని చేయాలంటే ఏం చదవాలె? ఇంట్లనేమో సీఎస్ఈ తీసుకొమ్మంటున్నరు. బయోమెడికల్ అయితే మంచిదని మా సార్ అన్నడు.

జవాబు: మీరు అడిగింది లోహం గురించి. కాబట్టి మొదట చూడాల్సిన బ్రాంచి మెటలర్జీ, అంటే లోహాల చదువు. డిగ్రీ స్థాయిలో బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్, ఆస్పత్రి పరికరాలే ఉంటాయి. వైరు ఎందుకు తెగిందో అక్కడ ఒకట్రెండు పేపర్లలో తగులుతుంది, అంతే. నాయనమ్మ కాలి సంగతి, తెగిన ముక్కలు తీయాలా వద్దా అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. కొత్తగా నొప్పి వచ్చినా, చర్మం కింద వైరు కొన పొడుచుకున్నా ఆలస్యం చేయకండి.

ఇక వైరును ఇంకా గట్టిగా ఎందుకు చేయరన్న మాట. గట్టి వైరు తయారు చేయడం కష్టమేమీ కాదు. దాన్ని ముడి వేయడమే కష్టం. మీ ఊళ్లో స్లాబ్ వేసేటప్పుడు రాడ్లు కట్టే మేస్త్రీ చేతిని గమనించండి. బైండింగ్ వైరును హుక్కుతో రెండు మూడు చుట్లు తిప్పి ఆపేస్తాడు. ఒక్క చుట్టు ఎక్కువైతే ముడి మొదట్లో పుటుక్కున తెగుతుంది. సర్జన్ చేసేదీ అదే పని, ప్లయర్‌తో. అందుకే ఎముకను చుట్టి కట్టే వైరును కావాలనే మెత్తబరచి ఇస్తారు. అదే ఆపరేషన్‌లో చిప్పలోకి నిటారుగా దించే కడ్డీలను కె-వైర్లు అంటారు. వాటికి ముడి అక్కర్లేదు కాబట్టి గట్టిపరచిన లోహంతోనే చేస్తారు.

రెండూ సాధారణంగా 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు. ఇంప్లాంట్ గ్రేడ్‌లో క్రోమియం 17 నుంచి 19 శాతం, నికెల్ 13 నుంచి 15 శాతం, రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటాయి. కార్బన్ 0.03 శాతం దాటకూడదు. మెత్తబరచిన స్థితిలో దీని తన్యబలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం, కనీసం 490 మెగాపాస్కల్స్. చల్లగా లాగి గట్టిపరిస్తే 860, ఇంకా పైకీ పోతుంది. 1 మి.మీ. వైరు అడ్డుకోత వైశాల్యం 0.785 చ.మి.మీ. గుణించి చూడండి: మెత్తటిది దాదాపు 39 కిలోల బరువుకు తెగితే, గట్టిది 69 కిలోల దాకా ఆగుతుంది. కానీ తెగేలోపు సాగే గుణం 40 శాతం నుంచి 12 శాతం దగ్గరికి పడిపోతుంది. ముడి తిప్పడానికి కావలసింది ఆ సాగే గుణమే.

కమ్మరి కొడవలిని కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది కదా, దీన్నీ అట్లా చేయొచ్చు కదా అనిపిస్తుంది. 316ఎల్ విషయంలో అది తిరగబడుతుంది. 1050 డిగ్రీల దగ్గర కాల్చి గబుక్కున చల్లార్చితే మెత్తబడుతుంది. ఎందుకంటే ఇందులో కొడవలి ఉక్కులో మాదిరి మార్టెన్‌సైట్ (ఉక్కును గట్టిపరిచే లోపలి అమరిక) పుట్టదు. దీన్ని గట్టిపరచాలంటే ముఖ్యమైన దారి డైలోంచి, అంటే వైరు కంటే సన్నటి రంధ్రమున్న అచ్చులోంచి, చల్లగా లాగడమే. 2 మి.మీ. వైరును 1 మి.మీ.కు తేవాలంటే వైశాల్యంలో నాలుగింట మూడు వంతులు తగ్గాలి. ఒకేసారి లాగితే డై మూతి దగ్గరే తెగుతుంది. ఒక్కో డైలో 20 శాతం చొప్పున తగ్గిస్తే ఆరేడు సార్లు పడుతుంది. డై అరిగి ఉంటే వైరు పొడుగునా సన్నటి గీత పడుతుంది. కాల్చాక నెమ్మదిగా చల్లార్చితే 450–850 డిగ్రీల మధ్య క్రోమియం వెళ్లి కార్బన్‌తో కలిసి, లోహంలోని చిన్న స్ఫటిక రేణువుల అంచుల దగ్గర తుప్పుకు దారి తెరుచుకుంటుంది. కార్బన్‌ను అంత తక్కువ ఉంచేది అందుకే.

మరి నాయనమ్మ వైరు? అది ఒక్క దెబ్బకు తెగి ఉండే అవకాశం తక్కువ. మోకాలు మడిచిన ప్రతిసారీ చిప్ప ముందు భాగం సాగబోతుంది. ఆ లాగుడును వైరు పట్టుకుని, కీలు వైపు ఎముక ముక్కలు ఒకదానికొకటి నొక్కుకునేలా చేస్తుంది. అంటే రోజుకు కొన్ని వందల సార్లు వైరు కొద్దికొద్దిగా సాగి వదులవుతుంది. ఇట్లా పదేపదే పడే లాగుడుకు లోహం అలసి తెగడాన్నే ఫెటీగ్ అంటారు. ప్లయర్ పళ్లు పడిన చోటో, ముడి మొదట్లోనో చిన్న పగులు మొదలై లోపలికి పాకుతుంది. ఎముక ముందు అతికితే వైరు మీద భారం తగ్గుతుంది. అతకకపోతే ఎంత మంచి వైరైనా ఏదో ఒక రోజు తెగుతుంది. మీ ఇంట్లో ఎముకే ముందు గెలిచింది.

లావు పెంచితే సరిపోదా అంటే, 1 మి.మీ. నుంచి 1.25కు పోతే బలం ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన పెరుగుతుంది. వంగకుండా ఎదురు తిరగడం మాత్రం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. అది ఎముకను ఒరుసుకుని కూర్చోదు. చిప్ప మీద కండ లేదు కాబట్టి ముడి చర్మాన్ని పొడుస్తుంది. అందుకే పరిశోధన వేరే దారుల్లో నడుస్తోంది: సన్న తీగలు పేనిన కేబుల్, నైట్రోజన్ కలిపిన స్టీలు, కోబాల్ట్ మిశ్రమాలు, గీతలు పోయేలా కరెంటుతో నునుపు చేసే ఎలక్ట్రోపాలిష్. వీటన్నిటికంటే చవకైనది ముడి సరిగ్గా వేయడం. రెండు కొసలూ సమానంగా ఒకదాన్నొకటి చుట్టుకోవాలి. ఒకటి నిటారుగా ఉండి రెండోది దాని చుట్టూ తిరిగితే ముడి జారుతుంది.

చదువు సంగతి. వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ ఉంది. దారి జేఈఈ మెయిన్, ఆ తర్వాత సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్. సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. అదే మీకు పెద్ద బలం. ర్యాంకుతో పాటు ఇంటర్ మార్కుల షరతూ ఉంటుంది. దాన్ని మర్చిపోయి సీటు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు, కాబట్టి బోర్డు పరీక్షలను తేలిగ్గా తీసుకోవద్దు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకుతో అయితే హైదరాబాద్ జేఎన్‌టీయూ కాలేజీలో మెటలర్జికల్ బ్రాంచి చూడండి. బాసర ట్రిపుల్ ఐటీలోనూ ఈ బ్రాంచి ఉంది, కానీ అక్కడ పదో తరగతి అయ్యాకే చేరాలి. తమ్ముడో చెల్లో ఉంటే వాళ్లకు పనికొస్తుంది. ఇవేవీ రాకపోతే మెకానికల్‌లో చేరి, తర్వాత గేట్‌లో మెటలర్జీ పేపరు రాసి ఎంటెక్‌లో ఇటు రావచ్చు. బయోమెడికల్ మీద మనసుంటే దాన్నీ ఎంటెక్‌లో పెట్టుకోవడమే మేలు. లోహం చేతికి వచ్చాక శరీరం సంగతి నేర్చుకోవడం సులువు.

ఇంట్లోవాళ్లకు దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఇంప్లాంట్ కంపెనీలో మొదటి ఉద్యోగం చాలావరకు క్వాలిటీ ల్యాబ్‌లో ఉంటుంది: తన్యబల పరీక్ష, మైక్రోస్కోపు కింద రేణువుల పరిమాణం, కట్టలకొద్దీ రికార్డులు. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడదు. కొత్త మిశ్రమం కనిపెట్టినా అది మనిషి ఎముకకు చేరాలంటే శరీరానికి పడుతుందో లేదో పరీక్షలు, 2017 వైద్య పరికరాల నిబంధనల కింద అనుమతులు అన్నీ దాటాలి. దానికి ఏళ్లు పడుతుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ లోహ కంపెనీ మిధాని ఇంప్లాంట్లకు వాడే టైటానియం మిశ్రమాలు చేస్తుంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. మెటలర్జీ చదివి సాఫ్ట్‌వేర్‌కు పోయేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ తలుపు మూసుకుపోదు.

ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఒక ఆదివారం తేల్చుకోవచ్చు. బైండింగ్ వైరు, అంతే లావున్న జీఐ వైరు కొనండి. 15 సెం.మీ. ముక్కలు పదేసి కోయండి. కళ్లద్దాలు పెట్టుకుని, సైకిల్ షాపు వైస్‌లో బిగించి, ఇటు 90 డిగ్రీలు అటు 90 డిగ్రీలు వంచుతూ ఎన్నిసార్లకు తెగుతుందో లెక్కపెట్టండి. సగం ముక్కలకు వంగే చోట ఆకురాయితో ఒక్క గీత పెట్టి మళ్లీ చేయండి. ఆ తర్వాత పీవీసీ పైపు ముక్క చుట్టూ వైరు బిగించి, ముడిని పక్కకు మడవండి. అప్పటిదాకా కదలని చుట్టు వేలితో నెడితే జరుగుతుంది. అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాసి, ఇంటర్ ఫిజిక్స్‌లో ఘనపదార్థాల యాంత్రిక ధర్మాల పాఠం తీసి, ప్రతిబలం–వికృతి గ్రాఫు పక్కన పెట్టుకుని చదవండి.