అమ్మగారి క్లోమగ్రంథిలో 14 మిల్లీమీటర్ల తిత్తి: సమాధానం

కడుపునొప్పికని తీసిన స్కానింగ్‌లో అమ్మగారి క్లోమగ్రంథిలో 14 మిల్లీమీటర్ల తిత్తి కనిపించిందని, ఆపరేషన్ తప్పదా అని అడిగారు. వయసు పైబడినవారిలో ఇలాంటి తిత్తులు అనుకోకుండా బయటపడడం సాధారణమే, వాటిలో చాలావరకు క్యాన్సర్‌గా మారవు కనుక దయచేసి భయపడకండి. గతంలో క్లోమం వాచిందేమో డాక్టరుగారికి తప్పక చెప్పండి; ఆ వాపు తర్వాత ఏర్పడే తిత్తికి వైద్యం వేరు. ఎమ్మార్‌సీపీ (క్లోమ, పిత్త నాళాలను చూపే ఎమ్మారై స్కాన్) తీయించి, క్లోమంలోని ప్రధాన నాళం 5 మిల్లీమీటర్లకు మించి ఉబ్బిందా, తిత్తి లోపల గట్టి కణుపు ఉందా అన్నవి చూపించుకోండి. ఉంటే ఎండోస్కోపీ ద్వారా అల్ట్రాసౌండ్ చేసి, అవసరమైతే లోపలి ద్రవాన్ని సూదితో తీసి పరీక్షిస్తారు. ఏవీ లేకుంటే ఆరు నెలల తర్వాత ఒక్కసారి, మార్పు లేకపోతే ఆపైన 18 నెలలకొకసారి స్కాన్ చేయించమని క్లోమ తిత్తులపై అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన 2024 క్యోటో మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈలోగా కామెర్లు వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కొత్తగా షుగర్ బయటపడినా, గడువు కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసుకెళ్లండి.