మినీ లామాలు తెచ్చుకునే ముందు కంచె పక్కన ఏముందో చూడండి

మీ ప్రశ్న ఇది: "నార్త్ కరోలినాలో ఐదెకరాలు కొన్నాం. ఎనిమిది మేకలు, ఇరవై కోళ్ళు ఉన్నాయి. కాయోట్ల (తోడేలు లాంటి జంతువులు) భయం ఉంది. కాపలాకూ పనికొస్తుంది, పిల్లలకూ సరదాగా ఉంటుందని ఒక మినీ లామాను తెచ్చుకుందాం అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?"

ఇందులో "కాపలా", "ఒక" అన్న రెండు మాటలు చదవగానే నాకు కంగారు పుట్టింది. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

మేమూ మీ రాష్ట్రంలోనే ఉంటాం, రాలీకి గంట దూరంలో. ఆరేళ్ళుగా రెండు మినీ లామాలు (ఒంటె జాతికి చెందిన లామాల్లో పొట్టి రకం), పదకొండు మేకలు, కోళ్ళు, నాలుగు బాతులు పెంచుతున్నాం. మా అత్తవారిది కడప జిల్లాలో తరతరాలుగా గొర్రెల మంద ఉన్న ఇల్లు. లామాల గురించి నాకు తెలిసినదాంట్లో సగం వాటి దగ్గరే నేర్చుకున్నాను. మిగతా సగం ఇక్కడికి వచ్చేదాకా లామాను చూడని మా మామయ్య దగ్గర నేర్చుకున్నాను.

ముందు కాపలా సంగతి. మామూలు లామా మందను కాస్తుంది, అది నిజమే. 1990ల మొదట్లో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు లామాలను కాపలాకు పెట్టుకున్న 145 మంది గొర్రెల రైతులను అడిగి తెలుసుకున్నారు. లామా రాకముందు ఏడాదికి మందలో సగటున 21 శాతం జీవాలు పోయేవట, వచ్చాక అది 7 శాతానికి తగ్గిందట. కానీ అవి పెద్ద లామాలు, ఒక్కొక్కటి 300 పౌండ్లకు అటూ ఇటూ తూగుతాయి. మినీ లామా అంటే మూడేళ్ళు నిండాక కూడా మూపు దగ్గర 38 అంగుళాలు దాటనిది. కాయోట్ల గుంపు వస్తే అది మేకలను కాపాడటం అటుంచి, దాన్ని కాపాడటానికే ఇంకొకరు కావాలి. మినీ లామా ప్రకటనలో "కాపలా జంతువు" అని రాసి అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాయోట్లే మీ బాధ అయితే మంచి కంచె వేయించి, కాపలా కుక్కనో పెద్ద లామానో తెచ్చుకోండి. మినీ లామాను ఇష్టంతో తెచ్చుకోవాలి, పని చేయించుకోవడానికి కాదు.

ఇక "ఒక" దగ్గరికి వస్తాను. దానికి ముందు మా బొల్లిగాడి కథ చెప్పాలి.

మా ఇద్దరూ విత్తు కొట్టించిన మగవే. పేర్లు పెట్టింది మామయ్య. మొహం మీద తెల్ల మచ్చ ఉన్నవాడు బొల్లిగాడు, ఇటుక రంగువాడు ఎర్రోడు. మూడేళ్ళ క్రితం ఆయన మా దగ్గరికి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. మొదటి రోజే కంచె దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "ఒంటె గొర్రెకు వరసైనట్టుందమ్మా" అన్నారు. ఆయన చెప్పింది చాలావరకు సరిగ్గానే ఉంది. లామాలు ఒంటె జాతివే. వాటి పొట్టలో మూడే గదులుంటాయి, మన మేకకు నాలుగు. అయినా మేకలాగే నెమరు వేస్తాయి.

ఆ ఏడు అక్టోబరు చివర్లో తొలి మంచు పడబోతోందని కుండీలన్నీ గ్యారేజీలోకి మారుస్తున్నాను. అందులో పూజ కోసం ప్రాణంగా పెంచుకున్న రెండు గన్నేరు చెట్లున్నాయి. సోమవారం శివుడికి గన్నేరు పువ్వు పెట్టకపోతే నాకు వెలితిగా ఉండేది. తలుపులో పట్టడానికని కొమ్మలు కత్తిరించి, కంచె బయట ఉన్న ఎండాకుల కుప్ప మీద వేశాను. మేకలకు అందదని నాకు గట్టి నమ్మకం. ఆ నాలుగడుగుల కంచె మేకల కోసం కట్టింది, మేక మూతికి అందే దూరాన్ని కొలిచి కుప్పను అవతల పోసుకున్నాం. లామా మెడను ఎవరం కొలవలేదు.

వారం గడిచింది. ఒక పొద్దున దాణా వేళకు ఎర్రోడు వచ్చాడు, బొల్లిగాడు రాలేదు. కాళ్ళు ముడుచుకుని, మెడ నేలమీద చాపి కూర్చున్నాడు. ఎండ కోసం కూర్చున్నాడులే అనుకుని నేను ఆఫీసు కాల్‌లోకి వెళ్ళిపోయాను. అరగంటకు మామయ్య లోపలికి వచ్చి ఒక్కటే మాట అన్నారు. "అమ్మా, వాడు నెమరు వేయడం లేదు."

అంతే, ల్యాప్‌టాప్ మూసేసి పరిగెత్తాను. నాకు జ్వరం చూడటం తెలుసు, ఫోన్‌లో వెతకడం తెలుసు. పది నిమిషాలు నిలబడి దవడ కదులుతోందా లేదా అని చూడటం తెలియదు. అప్పటికే ఆయన కంచె వెంట ఒక చుట్టు తిరిగి, కుప్ప దగ్గర ఆగి, ఆకులు దూసేసిన కొమ్మ ఒకటి పట్టుకొచ్చారు. "ఇది గన్నేరు కదా? పచ్చిదైతే జీవాలు వాసన చూసి వదిలేస్తాయి. ఎండితే వాటికి తెలీదు."

గన్నేరు విషమని తెలియని తెలుగువాళ్ళు ఉంటారా? గన్నేరుపప్పు తిని పోయినవాళ్ళ గురించి వింటూ పెరిగాం. హైవేల మధ్య గన్నేరు నాటడానికి ఒక కారణం పశువులు మేయవనే. అన్నీ తెలిసిన నేనే ఎండిన గన్నేరును నా జీవాలకు మూరెడు దూరంలో పెట్టాను. ఆకుల్లో ఉండే విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది, ఎండినా తగ్గదు. లామాకు కొద్దిపాటి ఆకులే చాలు.

ముగ్గురు పశువైద్యులకు ఫోన్ చేశాను. మొదటి ఇద్దరూ లామాలకు వైద్యం చేయం అన్నారు. మూడో ఆమె ఆకు పేరు వినగానే, ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది. వ్యాన్‌లో వెనక సీట్లు మడిచి దుప్పటి పరిచి వాడిని ఎక్కించాం. పక్కన మామయ్య కూర్చుని దారి పొడుగునా వాడి మెడ మీద చెయ్యి తీయలేదు. మినీ లామాలో నాకు నిజంగా నచ్చిన సౌకర్యం ఇదొక్కటే, వ్యాన్‌లో పడుతుంది. ఆసుపత్రిలో గొట్టంతో పొట్టలోకి బొగ్గుపొడి ద్రావణం పంపారు, సెలైన్ పెట్టారు, గుండె కొట్టుకోవడం తప్పుతోందని తీగలు తగిలించి చూశారు. నాలుగు రోజులుంచారు. బతికాడు. బిల్లు మేము రెండింటినీ కొన్న ధర కంటే ఎక్కువైంది, ఈ మాట మీరు బడ్జెట్ వేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఆ నాలుగు రోజులూ ఇక్కడ ఎర్రోడు సరిగ్గా మేత ముట్టలేదు. లామాలు ముక్కుతో సన్నగా "మ్మ్‌మ్" అని మూలుగుతాయి. రాత్రంతా గేటు దగ్గర నిలబడి అదే చేశాడు. చుట్టూ పదకొండు మేకలున్నాయి, వాడికి అవి లెక్కలో లేవు. అందుకే ఒకటి తేవద్దు. పెద్ద లామాను కాపలాకు పెట్టేవాళ్ళు కావాలనే ఒంటరిగా ఉంచి, గొర్రెలకు అలవాటు పడేలా చేస్తారు. అది వేరే లెక్క. పిల్లల సరదాకు తెచ్చే చిన్న ప్రాణికి తన జాతి తోడు ఉండాలి. విత్తు కొట్టించిన రెండు మగవాటితో మొదలుపెడితే చాలు. కొట్టించని మగదాన్ని మాత్రం మేకల్లో వదలకండి, ఆడమేకల మీద ఎక్కి నలిపేస్తుంది. మనుషులు బాటిల్ పాలు పట్టి పెంచిన మగపిల్ల ఎంత ముద్దుగా ఉన్నా తీసుకోవద్దు. అది మనిషిని తన జాతే అనుకుంటుంది, ఎదిగాక మీ పిల్లల మీదికి ఛాతీతో దూకుతుంది. తల్లి దగ్గర, తోటి లామాల మధ్య ఆరు నెలలైనా పెరిగినదాన్నే అడగండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మేకల కోసం చేసుకున్న ప్రతి ఏర్పాటునూ లామా మెడతో మళ్ళీ కొలిచాం. కొట్టంలో మేకల మినరల్ పొడి కనబడింది. మేకకు రాగి కావాలి, అందుకే వాటి పొడిలో రాగి ఎక్కువ. గొర్రెలకూ లామాలకూ అది ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. పెద్ద లామా దూరలేని కంతలోంచి మేకలు లోపలికెళ్ళి నాకేలా చాలామంది కడతారు. మినీ లామాకు ఆ కంత సరిపోతుంది, ఒళ్ళు పట్టకపోతే మెడ పెడుతుంది. మేము ఆ పొడి మానేసి, మేకలకు రాగి గుళికలు విడిగా మింగిస్తున్నాం. అంతకంటే ప్రమాదం మందు కలిపిన దాణా. మేక పిల్లలకు రక్త విరేచనాలు రాకుండా కొన్ని దాణాల్లో మోనెన్సిన్ కలుపుతారు. మేకకు మందయ్యేది లామాకూ గుర్రానికీ విషమవుతుంది. కోళ్ళ దాణాలోనూ ఇలాంటి మందులు ఉండొచ్చు, డబ్బా మూత బిగించండి. ఇన్ని ఉండగా అందరూ నన్ను అడిగేది మాత్రం "ఉమ్ముతుందా?" అనే. ఉమ్ముతుంది, ఎక్కువగా తోటి లామా మీద, మేత దగ్గర. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

నట్టల విషయంలో మన రాష్ట్రంలో తప్పించుకోలేనిది ఒకటుంది. మీ స్థలంలోకి తెల్లతోక జింకలు వస్తాయి కదా? వాటి మెదడు పొరల్లో ఒక నట్ట ఉంటుంది, జింకను ఏమీ చేయదు. దాని పిల్లలు జింక పెంటికల్లోంచి నత్తల్లోకి, గడ్డితో పాటు నత్తను మింగిన లామాలోకి చేరతాయి. అక్కడ వెన్నుపాములో పాకి వెనక కాళ్ళు చచ్చుబడేలా చేస్తాయి. అందుకే ఇక్కడ చాలామంది నెలనెలా ఐవర్‌మెక్టిన్ సూది వేస్తారు. అయితే అదే మందు పదేపదే వాడితే మేకలకూ లామాలకూ ఉమ్మడి శత్రువైన, రక్తం పీల్చే పొట్ట నట్ట మొండికేస్తుంది. ఈ రెండింటి మధ్య లెక్క మీ డాక్టరుతో కూర్చుని వేసుకోవాలి, పెంటికలు పరీక్ష చేయించాలి. అందుకే ముందు డాక్టరును వెతుక్కోండి, లామాను తర్వాత. నాలా ఫోన్లో మూడో నంబరు దాకా వెతకాల్సిన రోజు మీకు రాకూడదు. మా బాతులు నత్తలను బాగా ఏరుకు తింటాయి, నాలుగు పెంచుకోండి. ఒక మేలేమిటంటే లామాలు ఒకే చోట పెంటికలు వేస్తాయి, మేకల్లా మేసే నేలంతా కాదు. ఎత్తి మాగబెట్టి గోంగూర మడిలో వేసుకోవచ్చు.

ఎండాకాలం గురించి రెండు ముక్కలు. ఫారన్‌హీట్ వేడికి గాలిలో తేమ శాతం కలపండి. 180 దాటితే ప్రమాదం. ఏప్రిల్, మేల్లో ఉన్ని కత్తిరించాలి, కొట్టంలో ఫ్యాన్ ఉండాలి. నీళ్ళు పొట్ట కిందా కాళ్ళ మీదా కొట్టాలి. వీపు మీద పోస్తే ఉన్ని తడిసి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు.

ఈ మధ్య మనవాళ్ళకు ఏది పొట్టిగా ఉంటే అది కావాలి. అక్కడ పుంగనూరు ఆవు దూడలను లక్షలు పోసి హాల్లో తిప్పుతూ వీడియోలు తీస్తున్నారు, ఇక్కడ మినీ లామాలతో ఫొటోలు. పుంగనూరు ఆవు చిత్తూరు పేద రైతుకు గుప్పెడు గడ్డితోనే పాలిచ్చిన ఆవు, దాన్ని బొమ్మను చేశారని మామయ్య ఎంతో బాధపడేవారు. నాకూ అదే బాధ. లామా పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. మీ పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక దాని గోళ్ళు కత్తిరించేది మీరే. భూమి పన్ను తగ్గుతుందని ఎవరైనా చెప్పుంటే, మన రాష్ట్రంలో పశువుల కింద ఆ రాయితీకి కనీసం పదెకరాలు కావాలి, మీ ఐదెకరాలకు రాదు.

రెండు గన్నేరు కుండీలూ తీసేశాను. పక్కింటివాళ్ళ కంచె వెంట అజేలియా పొదలున్నాయి, అవీ లామాకు విషమే. వాళ్ళను అడిగి మా వైపు కొమ్మలు కొట్టించి, నేలమీద ఒక్క ఆకు లేకుండా నేనే ఏరాను. ఇప్పుడు శివుడికి మందారాలు పెడుతున్నాను. మామయ్య ఊరి నుంచి వీడియో కాల్ చేస్తే ముందుగా కెమెరాను బొల్లిగాడి దగ్గర పెట్టమంటారు. దవడ కదిలిందాకా చూసి, అప్పుడు మా క్షేమం అడుగుతారు.

మీ కంచె చుట్టూ ఒకసారి నడిచి, పేరు తెలియని ప్రతి మొక్కకూ ఫొటో తీయండి. మేకల దాణా సంచి మీద ఉన్న చీటీ ఫొటో కూడా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.