ఎంబీఏ వద్దు, పాడ్‌కాస్ట్‌లు చేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఎంబీఏ మార్కెటింగ్ చేయమంటే, కంపెనీలకు పాడ్‌కాస్ట్‌లు, అంటే ఇంటర్నెట్‌లో వినే ఆడియో కార్యక్రమాలు, చేసే పని నేర్చుకుంటానంటోంది. ఇదీ ఒక ఉద్యోగమేనా? రెంటిలో ఏది మేలు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏది మేలని అడిగారు గానీ, మీ అసలు టెన్షన్ అమ్మాయి తన కాళ్ల మీద నిలబడుతుందా అన్నది. నిలబడుతుంది. ‘ఇదీ ఒక ఉద్యోగమేనా’ అన్న మాట మాత్రం ఆమె ముందు అనకండి. ఒకసారి అన్నారంటే, తర్వాత వచ్చే కష్టాలేవీ ఆమె మీతో చెప్పుకోదు.

కంపెనీలు ఇవెందుకు చేయిస్తాయో ఒక ఉదాహరణ చూడండి. 2015లో అమెరికాకు చెందిన జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) కంపెనీ ‘ది మెసేజ్’ అనే పాడ్‌కాస్ట్ తెచ్చింది. అంతరిక్షం నుంచి వచ్చిన సందేశాన్ని ఛేదించే కథ, ఎనిమిది భాగాలు. జీఈ టర్బైన్ల గొప్పలు వినడానికి ఎవరొస్తారు? జనం కథ కోసం వచ్చారు, అది యాపిల్ వారి ఐట్యూన్స్ పాడ్‌కాస్ట్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది.

నా అనుమానాలు ఇక్కడే మొదలవుతాయి. ఇలాంటివి చూసి ముచ్చటపడిన కంపెనీలు, తీరా రికార్డింగ్ దగ్గరికొచ్చేసరికి ఎండీ గారి ప్రసంగం పెట్టమంటాయి. రెండు నిమిషాలకోసారి బ్రాండ్ పేరు వినపడాలంటాయి. డౌన్‌లోడ్ లెక్క చూపించినా, ఎంతమంది చివరిదాకా విన్నారో, విన్నవాళ్లలో ఎంతమంది కొన్నారో తేల్చడం కష్టం. అందుకే ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే కత్తెర ముందు పడేది ఇలాంటి వాటి మీదే. ‘పాడ్‌కాస్ట్ ప్రొడ్యూసర్’ అన్న హోదా ఒక్కటే నమ్ముకుని దిగితే నాకూ భయమే.

పని నేర్చుకుంటే భయం లేదు. గంటసేపు మాట్లాడినదాన్ని పాతిక నిమిషాలకు కోయాలి, కోసినట్టు తెలియకూడదు. అందుకే మాటలు మొదలవకముందే గదిలోని నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకుంటారు, అతుకుల మధ్య నింపడానికి. ‘ప’, ‘ఫ’ పలికినప్పుడు గాలి మైక్‌కి కొట్టకుండా చూసుకోవాలి. అన్నిటికన్నా కష్టం, పొడిపొడిగా జవాబిచ్చే మేనేజర్ చేత ‘ఆ రోజు ఏం జరిగిందంటే’ అనిపించడం. ప్రశ్న వేయడం, స్క్రిప్టు రాయడం, ఎడిటింగ్ వచ్చినవాళ్లకు వీడియోల్లోనూ, ప్రకటనల్లోనూ పని దొరుకుతుంది.

ఎంబీఏ రెండేళ్ల తర్వాత కూడా చేయవచ్చు, అదెక్కడికీ పోదు. ఈలోగా తెలిసినవాళ్ల చిన్న వ్యాపారం మీద మూడు ఎపిసోడ్లు చేయమనండి. మీరు కూర్చుని పూర్తిగా వినండి. ఎక్కడ విసుగొచ్చిందో ఆ నిమిషం కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి.