ఒకే పంట ఉన్న వరిచేలో ఆహార జాలకం ఉంటుందా?

డిగ్రీ ప్రాజెక్టు కోసం మీరు అడిగిన ప్రశ్న ఇది: జాతులు ఎక్కువగా ఉన్న జీవ సమాజం స్థిరంగా ఉంటుందని పాఠంలో చదివారు, దాన్ని కళ్లారా చూడాలంటే కోరింగ మడ అడవులకు వెళ్లక తప్పదా, ఒకే మొక్క ఉన్న మీ ఇంటి వరిచేలో చూడటానికి ఏమీ ఉండదా? కోరింగ తప్పక చూడండి. అయితే మీ ప్రాజెక్టుకు వరిచేనే మేలని నేను నమ్ముతున్నాను. కోనసీమలో రెండెకరాలు సాగు చేస్తూ, జంతుశాస్త్రంలో చదివిన పాఠాన్ని ఆ చేలోనే నష్టపోయి నేర్చుకున్నవాడిని కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం సార్వాలో స్వర్ణ రకం వరి వేశాను. ఊడ్చిన మూడు వారాలకు అక్కడక్కడ ఆకుముడత కనిపించింది. భయపడి, మందుల దుకాణంలో చెప్పిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందు పిచికారీ చేయించాను. పది రోజులకు మరోసారి కొట్టించాను. చేను నిగనిగలాడింది. పొట్ట దశ దాటాక మాత్రం చేను మధ్యలో గుండ్రంగా ఎండిన మచ్చలు మొదలై, వారం తిరిగేసరికి మంచమంత ఉన్నవి గదులంత అయ్యాయి. అది సుడిదోమ, అంటే వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే చిన్న పురుగు. పక్కనే మా బాబాయి చేలో అదే రకం, అదే కాలువ నీరు. ఆయన తొలిదశలో మందు కొట్టలేదు. అక్కడా దోమ ఉంది గాని చేను ఎండిపోలేదు. నేను యూరియా కూడా ఎక్కువ వేశాను కాబట్టి తప్పంతా మందుదేనని చెప్పడం న్యాయం కాదు. కానీ ఆ రెండు చేల దుబ్బుల మొదళ్లు విప్పి చూసినప్పుడు తేడా స్పష్టంగా తెలిసింది: ఆయన చేలో సాలీళ్లు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి, నా చేలో దోమ తప్ప మరేదీ కదలడం లేదు.

దీని వెనుక ఉన్న విషయం ఆహార జాలకమే, అంటే ఏ జీవి దేన్ని తింటుందో ఆ సంబంధాలన్నీ కలిసి అల్లుకున్న వల. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడిమ లోపల పెడుతుంది కాబట్టి పైన పడిన మందు వాటిని చేరదు. తోడేలు సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు, నీటి మీద తిరుగుతూ జారిపడిన పిల్లపురుగులను పట్టుకునే చిన్న నల్లులు మాత్రం ఆ మందుకు నేరుగా దొరికిపోతాయి. వారం రోజుల్లో గుడ్లు పగిలి బయటికి వచ్చిన పిల్లలకు శత్రువే ఉండడు. సుడిదోమకు ఒక తరం నెల రోజుల్లో పూర్తవుతుంది, సాలీడు సంతతి పెరగడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఆ వ్యవధిలోనే చేను పోతుంది. ఈ అనుభవం దేశాల స్థాయిలోనూ ఎదురైంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించడానికి ప్రధాన కారణం సుడిదోమ విజృంభణే.

ఇక్కడ నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న ప్రశ్న వేరు. ఊడ్చిన కొత్తలో చేలో దోమ ఉండదు కదా, మరి గట్టు గడ్డిలోంచి దిగివచ్చిన సాలీళ్లు అప్పుడు ఏం తిని బతుకుతాయి? జావాలోని వరిచేలలో జరిపిన పరిశోధన 1996లో దీనికి చక్కని సమాధానం ఇచ్చింది. దమ్ములో కలిసిన పాత దుబ్బులు, పచ్చిరొట్ట, పశువుల ఎరువు నీటిలో కుళ్లుతాయి. ఆ కుళ్లు మీద, నీటిలోని నాచు మీద కైరోనమిడ్ల వంటి కుట్టని దోమలు, స్ప్రింగ్‌టెయిళ్లు అనే గెంతే చిన్న జీవులు లెక్కలేనన్ని పెరుగుతాయి. అవి వరికి చెరుపు చేయవు, మేలూ చేసినట్టు కనిపించవు. అయినా తొలి వారాల్లో పరభక్షులను, అంటే సాలీళ్ల వంటి వేటాడి తినే జీవులను, పోషించేవి అవే, కాబట్టి పంట పురుగు వచ్చే నాటికి దాన్ని తినేవి చేలో సిద్ధంగా ఉంటాయి. మేము జీలుగ, పిల్లిపెసర కలియదున్నేది భూమి బలం కోసమనే అనుకునేవాళ్లం. అది సాలీళ్లకు కూడా మేత అని తెలిసినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం కలిగింది. కోరింగలోనూ రాలి కుళ్లిన మడ ఆకులే పీతలకూ రొయ్య పిల్లలకూ ఆధారం కనుక, ఆ అడవీ మీ చేనూ ఈ ఒక్క విషయంలో దగ్గర చుట్టాలే.

మీ పాఠంలోని వాక్యానికి వస్తే, జాతుల సంఖ్య ఒక్కటే స్థిరత్వం ఇవ్వదు. జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే 1972లోనే, యాదృచ్ఛికంగా అల్లుకున్న పెద్ద వ్యవస్థలో జాతులూ సంబంధాలూ పెరిగే కొద్దీ అస్థిరత పెరుగుతుందని గణితంతో చూపారు. ఏ జాతి దేన్ని, ఏ సమయంలో తింటుందన్నది చూడాలి. మీ నివేదికలో జాతుల జాబితాతో ఆగకుండా, వారం వారం ఆ జాబితా ఎలా మారిందో కూడా రాయండి.

అందుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఊడ్చిన రెండో వారం నుంచి, వారానికి ఒకసారి, ఎండ ముదరకముందే చేలోకి దిగి, ఎంపిక చేసుకున్న ఇరవై దుబ్బులను ఒక్కొక్కటిగా వంచి తెల్లని పళ్లెంలోకి తట్టండి. రాలినవాటిని మూడు వరుసల్లో రాసుకోండి: వరిని తినేవి, పురుగులను తినేవి, ఈ రెండూ కానివి. గట్టు పక్క దుబ్బులను, చేను నడిమి దుబ్బులను వేరుగా లెక్కించండి. వీలైతే మందు కొట్టిన పక్క చేలోనూ ఇదే లెక్క తీయండి, కానీ ఆ రైతును అడిగి దిగండి, పిచికారీ చేసిన తేదీ కూడా నమోదు చేయండి. మొదటి మూడు నాలుగు వారాల్లో మూడో వరుసే నిండుగా ఉంటే ఆశ్చర్యపోకండి, దాన్ని పనికిరానిదని కొట్టివేయకండి.