జోవియల్ మనిషి అంటే గురుబలం ఉన్నవాడు

"ఆఫీసులో నన్ను జోవియల్ అంటుంటారు. అది జాయ్ నుంచి వచ్చిన మాటేనా? సరైన అర్థం ఏమిటి?" అని అడిగారు. జాయ్‌కీ దీనికీ చుట్టరికం లేదండీ. జాయ్ లాటిన్ మాట గాడియం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. జోవియల్‌లో ఉన్నది జోవ్, అంటే రోమన్ల దేవరాజు జూపిటర్.

నాకిది మా నాన్నగారు రిటైరైనప్పుడు తెలిసింది. సన్మాన పత్రం ఇంగ్లీషులో అచ్చు వేయించి, అందులో ఆయన్ని జోవియల్ అని రాశారు. ఇంటికొచ్చాక నాయనమ్మ "అంటే ఏంట్రా?" అంది. సరదా మనిషి అని చెప్పానుగానీ నాకే తృప్తిగా లేక రాత్రి డిక్షనరీ తీశాను. జూపిటర్ గ్రహం కింద పుట్టినవాడు అనేది పాత అర్థం. జూపిటర్ అంటే మన గురుడు! పొద్దున్నే చెబితే, "వాడి జాతకంలో గురుడు కర్కాటకంలో ఉన్నాడు, ఉచ్చ" అని ఆవిడ ఎంత మురిసిపోయిందో. ఆ పత్రానికి ఫ్రేమ్ కట్టించేదాకా ఊరుకోలేదు.

యూరప్ జ్యోతిష్కులకూ గురుడు శుభగ్రహమే, ఆయనకు ఉచ్చ కర్కాటకమే. ఆ గ్రహబలంతో పుట్టినవాళ్లు నవ్వుతూ, ఉదారంగా ఉంటారని నమ్మేవారు. ఆ నమ్మకంలోంచి పుట్టిన మాట ఫ్రెంచి ద్వారా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి చేరింది. ఫ్రెంచి వాళ్లు గురువారాన్ని జూదీ అంటారు, అందులోనూ ఉన్నది జోవే. జూపిటర్ అనే పేరు మాత్రం మాటగా చూస్తే బృహస్పతికి కాదు, ఋగ్వేదంలోని ద్యౌష్పితకు దగ్గర చుట్టం. రెండింటికీ ఆకాశ తండ్రి అనే అర్థం. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఇక వాడుక. ఇంట్లో ఒంటరిగా కూనిరాగం తీసుకుంటూ హాయిగా ఉన్నవాణ్ణి చీర్‌ఫుల్ అనొచ్చు, జోవియల్ అనడం అంతగా అతకదు. జోవియల్ అనాలంటే పక్కన నలుగురు ఉండాలి. తాను నవ్వుతూ వాళ్లనీ నవ్వించే కలుపుగోలు మనిషికి సరిపోయే మాట అది. మా నాన్నగారు అలాగే ఉండేవారు. ఆడిట్ రోజుల్లో సెక్షన్ అంతా టెన్షన్‌లో ఉంటే అందరికీ టీ చెప్పించి, ఏదో ఒక పాత సంగతి ఎత్తుకునేవారట.

నాయనమ్మ ఇంకో ప్రశ్న కూడా వేసింది, శని పేరు మీదా ఇంగ్లీషులో మాట ఉందా అని. ఉంది, సాటర్నైన్. ముభావంగా, దిగులుగా ఉండేవాణ్ణి అలా అంటారు.